హెచ్-ఇండెక్స్ 41 ఉన్న గైడా, 19 ఉన్న గైడా?

మీరు అడిగింది ఇదీ. అమ్మాయికి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్లు చేర్చుకుంటామన్నారు. ఒకాయన గూగుల్ స్కాలర్ పేజీలో 14,000 సైటేషన్లు (వేరే పేపర్లలో వచ్చిన ఉటంకింపులు), హెచ్-ఇండెక్స్ 41. ఇంకొకావిడకి 1,600 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 19. పైగా ఆయన పేరు ‘స్టాన్‌ఫర్డ్ 2 శాతం’ జాబితాలో ఉందని దినపత్రికలో ఫొటోతో సహా పడింది. ఇంక ఆలోచించేదేముందని మీ బావగారు అంటుంటే, అమ్మాయి మాత్రం ఆవిడ దగ్గరే చేరతానని పట్టుబట్టింది.

నేను 30 ఏళ్ళకు పైగా బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. సెలక్షన్ కమిటీల్లో కూర్చుని ఇలాంటి అంకెలున్న ఫైళ్ళు చాలానే తిరగేశాను. మీరు పంపిన రెండు స్క్రీన్‌షాట్లూ చూశాక నా మాట ఇదీ: అమ్మాయిని ఇప్పుడే కాదనకండి. కారణం కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 41 సంగతి. హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో ఈ లెక్క పెట్టాడు. ఒక మనిషి పేపర్లలో ఒక్కొక్కటీ కనీసం 41 సార్లు ఉటంకింపబడినవి 41 ఉంటే హెచ్-ఇండెక్స్ 41. అంతే. ఈ అంకె పెరుగుతుందే తప్ప తగ్గదు. పని మానేసి ఇంట్లో కూర్చున్నా పెరుగుతూనే ఉంటుంది. రిటైరయ్యాక నాదే పెరిగింది. కాబట్టి 28 ఏళ్ళ సర్వీసున్న ఆయన్నీ, 12 ఏళ్ళ సర్వీసున్న ఆవిడనీ ఈ అంకెతో పక్కపక్కన నిలబెట్టడం, తాతగారి పొలాన్నీ మనవడి పొలాన్నీ ఎకరాల్లో పోల్చి ఎవరు బాగా దున్నుతారో తేల్చినట్టుంటుంది. ఇంకో చిక్కు, 300 మంది రచయితలున్న పేపర్లో మీ పేరు 214వదైనా సరే, ఒంటిచేత్తో రాసిన పేపర్‌కి ఎంత విలువో దానికీ అంతే.

ఇప్పుడు ఆయన స్క్రీన్‌షాట్ మళ్ళీ చూడండి. మొదటి రెండు పేపర్లు కలిపితేనే 9,600 సైటేషన్లు. రెండూ దేశదేశాల వ్యాధుల భారాన్ని లెక్కగట్టే పెద్ద కన్సార్టియం పేపర్లు, అంటే ఎన్నో సంస్థలు కలిసి రాసినవి. ఆ కోవ పేపర్లకి వందలాది మంది రచయితలుంటారు. అందులో ఆయన చేసిన పని అబద్ధమని నేననను. తన దగ్గరున్న డేటా ఇచ్చి ఉంటారు, డ్రాఫ్ట్ చదివి ఉంటారు. కానీ అమ్మాయి చేరబోయే ల్యాబ్‌లో ఆ పని జరగలేదు. ఆ రెండూ తీసేస్తే మిగిలేది 4,400. 28 ఏళ్ళకి అది మర్యాదైన సంఖ్యే. బావగారు చూసిన 14,000 మాత్రం కాదు.

అసలు బయోమెడికల్ రంగంలో సైటేషన్ అంటే ఏమిటో తెలియాలంటే ఆలివర్ లౌరీ కథ వినాలి. 1951లో ఆయనా, మరో ముగ్గురూ కలిసి ద్రావణంలో ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతిని జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో రాశారు. 2014లో నేచర్ పత్రిక అన్ని రంగాల్లోనూ ఎక్కువ ఉటంకింపులున్న 100 పేపర్ల జాబితా వేస్తే అదే మొదటిది, 3 లక్షల పైచిలుకుతో. వాట్సన్, క్రిక్‌ల డీఎన్ఏ పేపర్‌కి ఆ వందలో చోటే దొరకలేదు. ప్రోటీన్ కొలిచిన ప్రతివాడూ పద్ధతుల విభాగంలో లౌరీ పేరు రాయాల్సిందే మరి. డీఎన్ఏ గురించి రాసేవాడికి 1953 పేపర్‌ని ఉటంకించే పనేముంది? అది పాఠ్యపుస్తకంలోకి ఎక్కిపోయింది. తన పేపర్ అంత గొప్పదేమీ కాదని లౌరీకే తెలుసు, ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు కూడా.

నా సొంత పేజీలోనూ ఇదే తంతు, చిన్న ఎత్తున. నాకు ఎక్కువ సైటేషన్లు తెచ్చిన పేపర్ ఒక ఎంజైమ్‌ని కొలిచే పద్ధతికి చేసిన చిన్న సవరణ. వేసవి సెలవుల్లో రెండు వారాల పని. ఆరేళ్ళు ఎలుకల గది వాసన పీలుస్తూ చేసిన అసలు పనికి వచ్చినవి 11. అందులో నాలుగు నేనే ఉటంకించుకున్నవి.

ఇక మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గరికి వస్తాను. మనవాడని గర్వంగా చెప్పుకోవడానికి చాలామంది ఆయన పేరెత్తుతారు. నేను క్లాసులో ఆయన పేపర్ల జాబితా బోర్డు మీద రాసి, ‘ఈయన్ని మీరు సెలక్షన్ కమిటీలో ఉంటే తీసుకుంటారా?’ అని అడిగేవాణ్ణి.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించాడు. ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలుస్తుంది, దాన్ని క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది, ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత. మీ అమ్మాయి ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో ‘ఫిస్క్-సుబ్బారావు మెథడ్’ చేసే ఉంటుంది, అడగండి. ఆ ఒక్క పేపర్ తర్వాతి దశాబ్దాల్లో వేలకొద్దీ పేపర్లలో కనబడింది. లౌరీ పేపర్‌లాగే అదీ కొలిచే పద్ధతే.

ఆ పద్ధతిని చేతిలో పెట్టుకునే ఆ ఇద్దరూ కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. రెండూ సైన్స్ పత్రికలో వచ్చాయి. ఏటీపీని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ప్రాణమున్న ప్రతి కణానికీ ఇంధనం లాంటి పదార్థం అది. మరి ఈ రోజు ఏటీపీ మాట రాసేవాళ్ళలో ఎంతమంది 1929 పేపర్‌ని ఉటంకిస్తారు? దాదాపు ఎవరూ ఉటంకించరు. రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ వింతకి ఒక పేరే పెట్టాడు. ఒక ఆవిష్కరణ అందరి జ్ఞానంలో కలిసిపోయిన కొద్దీ దాని మూలం చెరిగిపోతుందన్నది ఆయన పరిశీలన. పాలల్లో కలిసిన పంచదారని వేరే చూపించమంటే ఎక్కడ చూపిస్తాం?

హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరక్క 1940లో సుబ్బారావు న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లేబొరేటరీస్‌కి వెళ్ళి పరిశోధనకి సారథి అయ్యాడు. అక్కడినుంచి ఆయన పేపర్ల జాబితా చదవడం నిజంగా కష్టం. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. 1946లో సైన్స్‌లో వచ్చిన పేపర్‌కి 16 మంది రచయితలు. మొదటి ఎనిమిది పేర్లూ అక్షరక్రమంలో, తర్వాతి ఎనిమిదీ మళ్ళీ అక్షరక్రమంలో ఉంటాయి. సుబ్బారావు ఏడోవాడు. ఆ ఏడు అంకె చూసి ఆయన చేసింది ఎంతో చెప్పగలరా? బోదకాలు మాత్రగా మన కోస్తా జిల్లాలవాళ్ళకి బాగా తెలిసిన డైఇథైల్‌కార్బమజీన్ మీద 1947లో వచ్చిన పేపర్లో ఆయన పేరు చివరిది. ఫోలిక్ ఆమ్లానికి విరోధిగా పనిచేసే అమైనోప్టెరిన్‌ని తయారుచేసింది ఆయన నడిపిన బృందమే. దాన్ని వాడి సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1948 జూన్‌లో, తీవ్రమైన లుకేమియా ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా తగ్గిందని రాశాడు. క్యాన్సర్ కీమోథెరపీ చరిత్ర ఆ పేపర్‌ని తల్చుకోకుండా సాగదు. రచయితలు అయిదుగురు, అందులో సుబ్బారావు లేడు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లెడర్లీ ల్యాబ్ నుంచే వచ్చింది. దాన్ని లోకానికి ప్రకటించిన పేపర్ మీద పేరు బెంజమిన్ డగ్గర్‌ది. ఫార్బర్ పేపర్ వచ్చిన రెండు నెలలకి, ఆగస్టులో, సుబ్బారావు పోయాడు.

తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ హార్వర్డ్ రోజుల్లో సుబ్బారావుని దగ్గర్నుంచి చూసినవాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని ఫిస్క్ బయటికి రానివ్వలేదనీ, వాటిని ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందనీ ఆయన చెప్పాడు. అచ్చుకే రాని పనికి ఏ ఇండెక్స్ లెక్క కడుతుంది?

ఇంకో సంగతి కూడా ఆయన పేరులోనే ఉంది. మన ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పశ్చిమదేశాల డేటాబేసులు చివరి మాటనే ఇంటిపేరనుకుంటాయి. అలా ఎల్లాప్రగడ వారి అబ్బాయి శాశ్వతంగా ‘సుబ్బారావు, వై’ అయిపోయాడు. ఇంగ్లీషులో ఆయన పేరుని ఒక్క మాటగా రాసినవాళ్ళున్నారు, రెండుగా విడగొట్టినవాళ్ళున్నారు, మధ్యలో పెద్దక్షరం పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఈ రోజుకీ వైద్య పరిశోధన పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో ‘రావు, కె ఎస్’ అనో ‘రెడ్డి, పి’ అనో కొట్టి చూడండి, గుండె నుంచి గుమ్మడికాయ దాకా వచ్చేస్తాయి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్ళ సగం పేపర్లు ఒక పేజీలో, మిగతా సగం ఇంకో పేజీలో పడి ఉంటాయి. ఆవిడ 1,600లో ఇలాంటి నష్టం ఏమన్నా ఉందేమో చూశారా? ఆవిడ ఓర్కిడ్ పేజీ తెరిచి అందులోని జాబితాని గూగుల్ స్కాలర్‌తో సరిపోల్చండి. ఓర్కిడ్ అంటే పరిశోధకుడికిచ్చే 16 అంకెల గుర్తింపు, పేరు మారినా అది మారదు. దీనికి తిరగేసి నాకే జరిగింది. నా పేరే ఉన్న ఒక దంతవైద్యుడి పేపర్లన్నీ గూగుల్ నా ఖాతాలో వేసింది. ఒక జూనియర్ ఫోన్ చేసి ‘సార్, ఇంప్లాంట్ల మీద కూడా పనిచేశారా!’ అని అభినందించాడు. తీయించడానికి బద్ధకించి రెండు నెలలు ఆ వైభవం అనుభవించాను.

గూగుల్ స్కాలర్ థీసిస్‌లూ ప్రీప్రింట్లూ (జర్నల్‌లో అచ్చవకముందే పెట్టిన పేపర్లు) అన్నీ కలుపుకుంటుంది కాబట్టి అక్కడ అంకె ఎప్పుడూ పెద్దదే. ఎంపిక చేసిన జర్నల్స్‌నే లెక్కించే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ డేటాబేసుల్లో తక్కువ కనబడుతుంది. ఇద్దరినీ పోల్చాలంటే ఒకేచోట పోల్చండి.

‘స్టాన్‌ఫర్డ్ 2 శాతం’ గురించి రెండు మాటలు. అది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇచ్చే బిరుదు కాదు. అక్కడి ప్రొఫెసర్ జాన్ అయొనిడిస్, ఆయన సహచరులు స్కోపస్ డేటాతో వేసే పట్టిక. 2019 నుంచి వస్తోంది. అందులో రెండున్నాయి, మొత్తం సర్వీసుకి ఒకటి, ఒక్క ఏడాది సైటేషన్లకి ఒకటి. మన పత్రికల్లో ఏది అన్నది రాయరు. నిజానికి ఆ పట్టిక వేసినవాళ్ళు హెచ్-ఇండెక్స్ లోపాలు తెలిసే వేశారు. ఒంటరిగా రాసినవి, మొదటి రచయితగా రాసినవి, చివరి రచయితగా రాసినవి విడిగా లెక్కలోకి తీసుకుంటారు. తనని తాను ఉటంకించుకున్న శాతం ఒక గడిలో ఉంటుంది. ఈమధ్య వెనక్కి తీసుకున్న పేపర్ల వివరం కూడా చేర్చారు. ఫైలు ఎవరైనా దించుకోవచ్చు. ఆయన వరస తెరిచి ఆ గడులు చూడండి. దినపత్రిక కటింగు కంటే అదే ఎక్కువ చెబుతుంది.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మీద ఎక్కువ పొద్దు పుచ్చను. గత రెండేళ్ళ వ్యాసాలకి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లని ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు అది. యూజీన్ గార్ఫీల్డ్ తెచ్చిన లెక్క. సగటు కాబట్టి, ఒక్క ధనవంతుడు కాపురం పెడితే ఊరంతా ధనికుల ఊరైపోతుంది. అమెరికా క్యాన్సర్ సొసైటీ వాళ్ళ జర్నల్‌కి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వందల్లో ఉండటానికి కారణం ఏటా అందులో వచ్చే క్యాన్సర్ గణాంకాల వ్యాసాలు. క్యాన్సర్ మీద రాసే ప్రతివాడి మొదటి వాక్యానికీ అవే ఆధారం. జర్నల్ అంకెతో మనిషిని తూచవద్దని 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన వచ్చింది, దాన్ని ‘డోరా’ అంటారు. సంతకాలు పెట్టిన సంస్థలు చాలానే ఉన్నాయి, ఇంటర్వ్యూ గదిలో అడిగేది మాత్రం ఇంకా ఇంపాక్ట్ ఫ్యాక్టరే.

ఇంతకంటే నాకు ముఖ్యమనిపించేది రంగాల మధ్య తేడా. నల్లగొండ ఫ్లోరోసిస్ తీసుకోండి. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ జిల్లా ఫ్లోరోసిస్ మీద పేపర్ వచ్చింది. 1973లో మన జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు, ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. ఆ జిల్లాలోని మర్రిగూడ పక్క ఊరివాడికి ఆ పేపర్ ఎంత ముఖ్యమో, బోస్టన్‌లో క్యాన్సర్ జన్యువుల మీద పనిచేసేవాడికి అంత సంబంధం లేనిది. ఫ్లోరైడ్ మీద రాసేవాళ్ళే కొద్దిమంది అయితే ఉటంకించేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? మీరు పంపిన పేర్లు చూస్తే ఆవిడ పని ఎముకల జీవక్రియ మీద ఉంది, ఆయనది క్యాన్సర్ బయోమార్కర్లు, అంటే ఆ రోగాన్ని పట్టిచ్చే గుర్తులు. ఆయన వీధిలో జనసంచారం ఎక్కువ, ఆవిడ వీధిలో తక్కువ.

ఈ తేడా సర్దడానికి ఉచితంగా ఒక సాధనం ఉంది. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వాళ్ళ ‘ఐసైట్’. పబ్‌మెడ్ నంబర్లు అందులో వేస్తే ప్రతి పేపర్‌నీ దాని రంగంలో వచ్చిన పేపర్లతో పోల్చి ఒక నిష్పత్తి ఇస్తుంది. 1 వస్తే ఆ సంస్థ డబ్బుతో వచ్చిన పేపర్ల మధ్యస్థంతో సమానమని అర్థం. ఆవిడ పేపర్లు మూడు వేసి చూశాను. 1.1, 1.8, 0.7. మన దగ్గర దొరికే నిధులకి అది బాగున్నట్టే లెక్క. ఆయనవి కూడా నాలుగు వేశాను, కన్సార్టియం వదిలేసి. 0.9, 1.3, 0.6, 0.8. చూశారుగా, 41కీ 19కీ మధ్య కనబడిన అగాధం ఎటు పోయిందో.

అలాగని అంకెలన్నీ పనికిమాలినవని నేననను. జనం కిక్కిరిసిన రంగంలో 20 ఏళ్ళు పనిచేసి ఏ పేపర్‌నీ పదిమంది కూడా పట్టించుకోకపోతే, ఎందుకని ఆరా తీయాల్సిందే. అయితే ఉటంకింపు అన్నది మెచ్చుకోలో తిట్టో అంకె చెప్పదు. టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ 1998 లాన్సెట్ పేపర్ 12 మంది పిల్లల మీద రాసింది, 2010లో వెనక్కి తీసుకున్నారు. అది తప్పని చెప్పడానికి ఉటంకించినవాళ్ళ సంఖ్య కూడా దాని ఖాతాలోనే పడుతుంది. అందుకని ఇద్దరి పేర్లూ, వెనక్కి తీసుకున్న పేపర్లని (రిట్రాక్షన్లని) నమోదుచేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లోనూ, అచ్చయిన పేపర్లలో తప్పుల్ని చర్చించే పబ్‌పీర్ సైట్‌లోనూ ఒకసారి వెతకండి. ఒక్క రిట్రాక్షన్ కనబడగానే బెదిరిపోకండి, కారణం చదవండి. తామే తప్పు గమనించి వెనక్కి తీసుకున్నవాళ్ళంటే నాకు గౌరవం. ఒకే ఫొటో మూడు పేపర్లలో మూడు రోగాల పేరుతో కనబడితే మాత్రం అటువైపు వెళ్ళొద్దు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే జర్నల్స్ సంగతి కూడా చూడాలి. అది మన ఇంటి ముంగిట్లో మచ్చే: హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ, రచయితల్ని మోసపుచ్చినందుకు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. ఆ కోవ జర్నల్స్‌లో గైడ్ పేపర్లు వరసగా ఉంటే, విద్యార్థి పేపర్లూ అక్కడికే పోతాయి.

ఇప్పుడు అమ్మాయి వైపు నుంచి చూద్దాం. బయోమెడికల్ పేపర్లో మొదటి పేరు బల్ల దగ్గర నిలబడి పని చేసినవాళ్ళది, చివరి పేరు ల్యాబ్ పెద్దది. కాబట్టి గైడ్ చివరి రచయితగా ఉన్న పేపర్లు గత అయిదేళ్ళవి తీసి, మొదటి పేర్లు రాసుకోండి. ఆవిడవి 11 పేపర్లుంటే 8 పేపర్లలో మొదటి పేరు విద్యార్థులదే, అదీ అయిదుగురు వేర్వేరు పిల్లలది. ఆయనవి 37. వాటిలో చివరి పేరుగా ఆయనున్నవి 9, అందులో ఆరింటికి మొదటి పేరు ఒకే మనిషిది, ఆ మనిషి అక్కడే అసిస్టెంట్ ప్రొఫెసర్. మరి ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసిన మిగతా పిల్లలు ఏమయ్యారు? మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు దాచే శోధ్‌గంగ సైట్‌లో గైడ్ పేరుతో వెతికితే సమర్పించిన థీసిస్‌లు దొరుకుతాయి. ఆ పిల్లల పేర్లు పట్టుకుని వాళ్ళకి పేపర్లున్నాయా, ఇప్పుడెక్కడున్నారు అన్నది చూస్తే, ఒక ఆదివారం మధ్యాహ్నంలో పూర్తవుతుంది. ఈ పని మీ బావగారికి అప్పజెప్పండి, ఆయనకి అంకెలంటే ఇష్టంలాగుంది.

ఆయన్ని నేను తక్కువ చేయడంలేదు. పెద్ద ల్యాబ్‌లో పరికరాలుంటాయి, పరిచయాలుంటాయి, పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగానికి) ఆయన రాసే ఉత్తరానికి బరువుంటుంది. ఒకరు చెప్పకుండానే తోవ వెతుక్కునే పిల్లయితే అక్కడ కూడా బతికేస్తుంది. కానీ గైడ్ ముఖం నెలకోసారి కనబడే చోట, మొదటి ఏడాది ప్రయోగాలన్నీ విఫలమవుతున్నప్పుడు పక్కన నిలబడేది ఎవరన్నది అమ్మాయికి ముందే తెలియాలి.

చేరేముందు రెండు ల్యాబ్‌లకీ ఒక్కో పూట వెళ్ళమనండి. గైడ్‌తో మాట్లాడాక, టీ వేళకి అక్కడి స్కాలర్లతో కాంటీన్‌కి వెళ్ళి, ‘మీ పేపర్లో మొదటి పేరు ఎవరిదన్నది ఎప్పుడు తేలింది, పని మొదలుపెట్టేటప్పుడా, రాసేటప్పుడా?’ అని అడగమనండి. రెండో ఏడాదివాళ్ళనీ అడగాలి, ఆరో ఏడాదివాళ్ళనీ అడగాలి. ఆరో ఏడాదివాళ్ళే లేని ల్యాబ్ దొరికితే ఇంకా మంచిది.